నొప్పి తగ్గింది కదా అని నమలకండి: పంటి ఇంప్లాంట్‌ను కాపాడుకోవడం ఎలా?

పోయిన పన్ను స్థానంలో కొత్త పన్ను నిలబెట్టడానికి దవడ ఎముకలో బిగించే టైటానియం మరను ఇంప్లాంట్ అంటారు. అది పెట్టే ఆపరేషన్ జరిగి అప్పటికి మూడు వారాలు. మా నాన్న దవడకు వాపు లేదు, నొప్పి లేదు, కుట్లు కూడా తీసేశారు. మైదుకూరు దగ్గర బంధువుల ఇంట్లో గృహప్రవేశం ఉంటే వెళ్లి, పంక్తిలో అందరితో పాటు కూర్చుని రెండు అలసంద వడలు తిన్నారు. అప్పుడే బాణలిలోంచి తీసిన, అంచులు కరకరలాడే వడలు. సాయంత్రం ఫోనులో ఆయన గొంతు వేరుగా ఉంది. "అమ్మా, నోట్లో ఆ బిళ్ళ కదులుతున్నట్టుంది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు కడపకు తీసుకొచ్చి చూపిస్తే, ఎముకలోని ఇంప్లాంట్ చెక్కుచెదరలేదని, పైనున్న చిన్న క్యాప్ మాత్రమే వదులైందని తేలింది. డాక్టర్ దాన్ని బిగించి, "ఈసారికి బయటపడ్డారు" అన్నారు.

నాన్నను తప్పుపట్టలేను. నొప్పి లేకపోతే నయమైనట్టే అన్నది మనందరికీ చిన్నప్పటి నుంచీ ఉన్న లెక్క. కాలికి దెబ్బ తగిలినా, చేయి బెణికినా ఆ లెక్క దాదాపు సరిపోతుంది. ఇంప్లాంట్ విషయంలో సరిపోదు. నొప్పి పూర్తిగా పోయిన రోజుల్లోనే అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. ఎందుకో తర్వాత చెబుతాను. నాకూ పైదవడలో ముందువైపు ఒక ఇంప్లాంట్ ఉంది. మా ఇద్దరి అనుభవాలు, మేము డాక్టర్లను అడిగి తెలుసుకున్న విషయాలు కలిపి వరుసగా రాస్తున్నాను. మీ నోరు చూసిన డాక్టర్ చెప్పిన మాటకూ దీనికీ తేడా వస్తే, డాక్టర్ మాటే వినండి.

ఆపరేషన్‌కు ముందు వారం

జాగ్రత్త తేదీ ఎంచుకోవడంతోనే మొదలవుతుంది. ఆపరేషన్ తర్వాత కనీసం వారం రోజులు ఇంట్లో పెళ్లి, తిరునాళ్లు, దూరప్రయాణం లేకుండా చూసుకోండి. ఒంటిమిట్ట కల్యాణానికి తప్పకుండా వెళ్లే ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. అలాంటి రద్దీకి, ఎండకు ముందురోజుల్లో ఆపరేషన్ పెట్టుకోకండి. రంజాన్ ఉపవాసాలు ఉండేవారికి పగటిపూట మాత్రలు వేసుకోవడం, నీళ్లు తాగడం కుదరదు. ఆ నెలకు బాగా ముందుగానో, పండుగ అయ్యాకో తేదీ తీసుకోండి. వ్యవసాయం చేసేవాళ్లయితే కోతలు, మూటలు మోసే పనులు ముగిశాక పెట్టుకోవడం మంచిది. బరువులు ఎత్తితే, వంగి పనిచేస్తే తలకు రక్తం ఎక్కి గాయం మళ్లీ కారుతుంది.

షుగరు ఉన్నవాళ్లు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. అది 7 చుట్టుపక్కల ఉంటే సాధారణంగా ముందుకు వెళతారు. 8 దాటితే ముందు షుగరు తగ్గించుకుని రమ్మంటారు చాలామంది డాక్టర్లు. మా నాన్నను అలాగే రెండు నెలలు ఆపారు. అప్పుడు విసుక్కున్నాం కానీ, గాయం త్వరగా మానడం చూశాక ఆ రెండు నెలలు ఎంత విలువైనవో అర్థమైంది. గుండెకు స్టెంట్ పడి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే వాటిని సొంతంగా ఆపేయకండి. గుండె డాక్టర్, పంటి డాక్టర్ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఎముకలు గుల్లబారకుండా మాత్రలు వాడుతున్నా, ఏడాదికోసారి ఇంజక్షన్ వేయించుకుంటున్నా తప్పకుండా చెప్పండి. పెద్దవయసు ఆడవాళ్లలో ఈ మందులు వాడేవారు ఎక్కువ. పళ్లకూ వాటికీ ఏమిటి సంబంధం అనుకుని చెప్పరు. సంబంధం ఉంది. ఆ మందుల వల్ల కొందరికి దవడ ఎముక గాయం మానడం కష్టమవుతుంది.

మందుల చీటీ ముందురోజే రాయించుకుని మాత్రలు కొని పెట్టుకోండి. ఒక ప్యాకెట్ గాజుగుడ్డ, బాగా మెత్తని బ్రష్షు, అదనంగా ఒక దిండు, ఫ్రిజ్‌లో రెండు ట్రేల ఐసు సిద్ధంగా ఉండాలి. రాత్రిపూట ఏమైనా అయితే ఏ నంబరుకు ఫోను చేయాలో అడిగి రాసుకోండి. పులివెందుల, జమ్మలమడుగు, రాయచోటి వైపు నుంచి కడపకు వచ్చి చేయించుకునేవారు ఒంటరిగా రావద్దు. దవడలో ఎముక చాలక ఎముక పొడి వేసినా, రెండు మూడు ఇంప్లాంట్లు ఒకేసారి పెట్టినా ఆ ఒక్క రాత్రి ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండిపోవడం నయం.

మొదటి రోజు

కుర్చీలోంచి లేచేసరికి గాయం మీద మడతపెట్టిన గాజుగుడ్డ ఉంటుంది. దాన్ని అరగంట నుంచి ముప్పావుగంట దాకా కదపకుండా కొరికి పట్టుకోవాలి. మాట్లాడవద్దు. నిమిషానికోసారి తీసి చూసుకోవద్దు. తీసిన ప్రతిసారీ అప్పుడే గడ్డకడుతున్న రక్తం ఊడి వస్తుంది. ఆ గడ్డే గాయానికి మూత.

ఆ రోజు అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటే. ఉమ్మకూడదు. చెప్పినంత తేలిక కాదు. నోట్లో రక్తం రుచి తగలగానే వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి ఉమ్మేయాలనిపిస్తుంది. గట్టిగా ఉమ్మితే నోట్లో గాలి లాగినట్టయి గడ్డ కదిలిపోతుంది. లాలాజలాన్ని మింగేయండి. మింగలేకపోతే వంగి నోరు తెరవండి, దానంతట అదే జారిపోతుంది. లాలాజలంలో గులాబీ రంగు ఒకరోజంతా కనిపించవచ్చు. రెండు చుక్కల రక్తం నోటినిండా నీళ్లలో కలిస్తే అంతా రక్తమే అనిపిస్తుంది, భయపడకండి. చిక్కటి ఎర్రరక్తం నోట్లో నిండుతూ ఉంటే మాత్రం కొత్త గాజుగుడ్డ మడతపెట్టి, తడిపి, సరిగ్గా గాయం మీదే ఉంచి మరో అరగంట గట్టిగా కొరికి పట్టుకోండి. అయినా ఆగకపోతే డాక్టర్‌కు ఫోను చేయండి.

అదే కారణంతో స్ట్రా కూడా వద్దు. కొబ్బరి బోండం మంచిదే, గ్లాసులో పోయించుకుని తాగండి. మొదటి రోజు టీ, కాఫీ, వేడి సాంబారు ఏవీ వద్దు. అన్నీ చల్లగానో గది వేడిలోనో ఉండాలి.

మత్తు రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. అది వదలకముందే, డాక్టర్ చెప్పిన మొదటి నొప్పి మాత్ర వేసుకోవడం మేలు. నొప్పి మొదలయ్యాక దాన్ని పట్టుకోవడం కష్టం. మత్తు ఉండగా ఏమీ నమలవద్దు. పెదవిని, బుగ్గను కొరుక్కున్నా తెలియదు. కిందిదవడలో చేయించుకున్నవారు ఇంకో విషయం గమనించాలి. దవడ ఎముక లోపల పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం వెళుతుంది. మర్నాడు ఉదయానికి కూడా కిందిపెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే, ఇంకా మత్తు వదల్లేదేమో అని సరిపెట్టుకోకుండా ఆ ఉదయమే డాక్టర్‌కు చెప్పండి. ఇంప్లాంట్ నరాన్ని ఒత్తుతోంటే తొందరగా సరిచేయడం అవసరం. ఇక్కడ రోజులు కాదు, గంటలు లెక్క.

ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, తడి తువాలులో చుట్టి బుగ్గ మీద 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. మళ్లీ అంతసేపు తీసేయండి. మెలకువగా ఉన్నంతసేపు ఇలా చేయండి. ఐసును నేరుగా చర్మానికి ఆనించవద్దు. మత్తులో ఉన్న బుగ్గకు చలి తెలియక చర్మం దెబ్బతింటుంది. రాత్రి రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి పడుకోండి.

రెండో రోజు, మూడో రోజు

వాపు మూడో రోజుకు బాగా పెరుగుతుంది. ఇది ముందే తెలియకపోతే కంగారు పడతారు. ఆపరేషన్ రోజు మామూలుగా ఉన్న ముఖం 48 గంటల తర్వాత అద్దంలో గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. కొందరికి బుగ్గ మీద పసుపు, నీలం కలిసిన మచ్చ కూడా కిందికి దిగుతుంది. మూడో రోజు దాటాక వాపు తగ్గుముఖం పట్టాలి. రెండు రోజులు ఐసు పెట్టాక ఆపేయండి. ఆ తర్వాత కావాలంటే గోరువెచ్చని తడిగుడ్డ కాపడం పెట్టుకోవచ్చు.

యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ వాడండి. వాపు తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి. మందులు వాడే రోజుల్లో మద్యం ముట్టకండి. పంటి ఇన్ఫెక్షన్లకు తరచూ రాసే మెట్రోనిడజోల్‌తో అది అసలు పొసగదు. మూత్రపిండాల జబ్బు, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక నొప్పి మాత్ర కొని వేసుకోకూడదు.

వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఫోను చేయండి: నాలుగో రోజు తర్వాత కూడా పెరుగుతున్న వాపు, జ్వరం, చీము, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైన నొప్పి, నోరు తెరవలేకపోవడం. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఫోను చేసి ఎదురుచూడకండి, 108కి చేసి ఆసుపత్రికి వెళ్లండి.

పైదవడలో వెనకవైపు పెట్టించుకున్నవారి దారి కాస్త వేరు. అక్కడ ఎముక పైనే సైనస్ అనే, ముక్కుతో కలిసి ఉండే గాలి గది ఉంటుంది. దాని అడుగు పొరను ఎత్తి ఎముక పొడి వేసి ఉంటే, రెండు వారాల దాకా ముక్కు గట్టిగా చీదవద్దు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి.

ఏం తినాలి

రాయలసీమ వంటింట్లో ఈ ఆపరేషన్‌కు తగిన తిండి ముందు నుంచే ఉంది. రాగిసంగటి అసలు నమిలే తిండి కాదు కదా, ముద్ద చేసి మింగేదే. మొదటి రెండు రోజులు రాగిజావ మజ్జిగలో కలిపి చల్లగా తాగండి. మూడో రోజు నుంచి సంగటిని బాగా మెత్తగా, బియ్యం పలుకు తగలకుండా చేయించుకుని, చల్లారాక పలచని పెసరపప్పుతోనో నెయ్యితోనో చిన్న ముద్దలుగా మింగండి. వేడి సంగటి గాయానికి తగిలితే చురుక్కుమంటుంది, కుట్ల దగ్గర రక్తం వస్తుంది. సంగటి చల్లారితే రుచి ఉండదంటారు మా నాన్న. ఒక వారం ఓర్చుకోవాల్సిందే.

సంగటి మెత్తనే కానీ దాని పక్కన వేసుకునేవే ప్రమాదం. నాటుకోడి పులుసులో కారం, ఎముక ముక్క. వేరుశనగ చట్నీ మెత్తగా నూరినట్టే ఉంటుంది గానీ, అందులో మిగిలిన పలుకు ఒకటి కుట్ల కింద దూరిందంటే వేలితో తీయలేరు, పుక్కిలిస్తే పోదు. నాకు ఆరో రోజున సరిగ్గా అదే అయింది. వేరుశనగ గింజ మీది ఎర్రటి పొట్టు, గోరంత ముక్క, చిగురుకూ దారానికీ మధ్య అతుక్కుంది. రెండు రోజులు పుక్కిలించినా రాలేదు. డాక్టర్ సన్నని సిరంజితో ఉప్పునీళ్లు కొడితే వచ్చింది. అప్పటికే చుట్టూ ఎర్రబడింది. అందుకే చెబుతున్నాను, కుట్లు తీసేదాకా పల్లీలు, నువ్వులు, గసగసాలు, టమాటా గింజలు, తాలింపులోని ఆవాలు కూడా వద్దు. పప్పుకు తాలింపు వేయాల్సి వస్తే నెయ్యిలో ఇంగువ, జీలకర్ర వేసి వడకట్టి కలపండి.

ఉగ్గాని మెత్తగా నానిందని తినాలనిపిస్తుంది. అందులో బొరుగుల పొట్టు, పుట్నాల పొడి ఉంటాయి, పక్కనే మిరపకాయ బజ్జీ ఉంటుంది. అది ఒక నెల పక్కన పెట్టండి. ఎర్రకారం దోశా అంతే. ఇడ్లీని పాలల్లోనో పలచని పెరుగులోనో నానబెట్టి తినవచ్చు. ఉడికించిన గుడ్డు నలిపి, గట్టిపెరుగు, మెత్తగా వండిన ఆకుకూర పప్పు, అరటిపండు, సపోటా గుజ్జు. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం కాబట్టి జావతోనే వారమంతా గడపకండి. రోజూ పప్పు, పెరుగు, గుడ్డు ఏదో రూపంలో కడుపులోకి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు తిండి తగ్గించి మాత్ర మాత్రం మామూలుగా వేసుకుంటే షుగరు పడిపోతుంది. మా నాన్నకు రెండో రోజు మధ్యాహ్నం చెమటలు పట్టాయి. జావ ఎన్నిసార్లు, ఎంత తాగాలో ముందే షుగరు డాక్టర్‌ను అడగండి.

మా ఊళ్లో ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఆపరేషన్ అయితే నీళ్లు మరీ ముఖ్యం. నోరు ఎండితే గాయం మానడం ఆలస్యమవుతుంది. మజ్జిగ, చల్లని నీళ్లు గంటగంటకు తాగండి.

శుభ్రం, కుట్లు

మొదటి రోజు పుక్కిలించవద్దు. రెండో రోజు నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకోండి. గుడగుడమని పుక్కిలించడం కాదు. నీళ్లు నోట్లో ఉంచి తలను అటూ ఇటూ మెల్లగా వంచండి, తర్వాత వంగి నోరు తెరిచి జారవిడవండి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసి ఉంటే రోజుకు రెండుసార్లు, చెప్పినన్ని రోజులే వాడండి. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు. ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి తెలియకుండా పోతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే దాని బలం తగ్గుతుంది. మధ్యలో అరగంట ఆగండి. మిగతా పళ్లను రెండో రోజు నుంచే మామూలుగా తోముకోవాలి. గాయం వైపు బ్రష్షు మాత్రం డాక్టర్ చెప్పేదాకా వద్దు.

ఇక పసుపు సంగతి. మా నాన్న ఏళ్ల తరబడి పసుపు పండించి కడప మార్కెట్టుకు తెచ్చిన రైతు. పొలంలో కొడవలి తెగినా, ఎద్దు కొమ్ము గీరినా గాయం మీద పసుపు అద్దడమే ఆయనకు తెలిసిన వైద్యం. నాలుగో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్లి చిటికెడు పసుపు తీసుకుని చూపుడువేలికి అద్దుకుంటూ నాకు కనిపించారు. "నాన్నా, అది చర్మం మీది గాయం కాదు, లోపల కుట్ల మధ్య పొడి ఇరుక్కుంటుంది" అని వేలు పట్టుకుని ఆపాను. ఆయన మాట్లాడకుండా చేయి కడుక్కున్నారు. నేను ఆయనను నొప్పించానేమో అని ఆ రోజంతా బాధపడ్డాను. అయినా చెప్పక తప్పదు. పసుపు, లవంగ నూనె, సున్నం, కాల్చిన పొగాకు పొడి, ఏదీ ఆ గాయం మీద పెట్టకండి. లవంగ నూనె చిగురును కాలుస్తుంది. మిగతావి పొడిగా లోపల చేరి కుళ్లుతాయి. వేలితో తడమడం, నాలుకతో పదేపదే కెలకడం కూడా మానాలి.

కుట్లు ఏడు నుంచి పది రోజుల్లో తీస్తారు, కొన్ని వాటంతట అవే కరిగిపోతాయి. దారం ఒకటి వేలాడుతోందని ఇంట్లో కత్తెర పెట్టకండి.

ముందుపన్ను పెట్టించుకున్నవారికి ఖాళీ కనబడకుండా తీసి పెట్టుకునే తాత్కాలిక పన్ను ఇస్తారు. అది గాయాన్ని ఒత్తకూడదు. నాది ఒత్తింది. చిగురు తెల్లబడి ఉండటం అద్దంలో చూసి వెళితే, అడుగున కొంచెం అరగదీసి ఇచ్చారు. రాత్రి తీసి పడుకోండి. దానితో కొరకవద్దు.

ఎముక పట్టే నెలలు

1952లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసారం చూడడానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో అదే పద్ధతిలో మొదటిసారి మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టాడు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి. మీ నోట్లో జరగాల్సింది కూడా ఇదే. ఎముక కణాలు టైటానియం మీదికి పాకి, దాన్ని అంటిపెట్టుకుని గట్టిపడాలి. కిందిదవడలో దీనికి మూడు నాలుగు నెలలు, ఎముక మెత్తగా ఉండే పైదవడలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

మూడో వారం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు చెబుతాను. ఆపరేషన్ రోజు ఇంప్లాంట్ గట్టిగా నిలబడేది మర బిగువు వల్ల. ఆ తర్వాత శరీరం, మర ఒత్తిడికి నలిగిన పాత ఎముకను కరిగించి తీసేసి ఆ స్థానంలో కొత్త ఎముకను కడుతుంది. రెండు నుంచి నాలుగు వారాల మధ్య పాత బిగువు సడలి ఉంటుంది, కొత్త ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. చేను గట్టున రాతి స్తంభం పాతి, చుట్టూ పాత మట్టి తీసి కాంక్రీటు పోస్తున్నాం అనుకోండి. పోసి ఆరకముందే ఎద్దు వచ్చి ఒళ్లు రుద్దుకుంటే స్తంభం ఎలా ఉంటుంది? నాన్నకు ఇలా చెప్పాకే వడల సంగతి పూర్తిగా అర్థమైంది. సరిగ్గా ఆ వారాల్లోనే నొప్పి, వాపు, కుట్లు అన్నీ పోయి ఉంటాయి. కాబట్టి క్యాలెండర్‌లో ఆపరేషన్ రోజు నుంచి ఎనిమిదో వారం దాకా ఎర్రగీత గీయండి. అంతవరకూ ఆ వైపు నమలడం లేదు. జొన్నరొట్టె, చెరుకు, వేయించిన పల్లీలు, మాంసం ముక్క అవతలి వైపు కూడా మెల్లగా, చిన్నచిన్నగా.

చిగురులోంచి పైకి కనిపించే చిన్న లోహపు బిళ్ళను హీలింగ్ క్యాప్ అంటారు. చొక్కా గుండీలో సగం ఉంటుంది. చిగురు చక్కని ఆకారంలో మానడానికి పెట్టేది. పది రోజుల తర్వాత మెత్తని బ్రష్షుతో దాన్ని కూడా తోమాలి. చాలామంది భయపడి ముట్టుకోరు, దాని చుట్టూ పాచి పేరుకుని చిగురు ఎర్రబడుతుంది. క్యాప్ వదులైతే, ఊడి చేతిలోకి వస్తే డబ్బాలో వేసుకుని రెండు రోజుల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆలస్యమైతే చిగురు ఆ రంధ్రం మీద మూసుకుపోతుంది. క్యాప్ కాకుండా లోపలి ఇంప్లాంటే కదులుతున్నట్టు అనిపిస్తే అదే రోజు వెళ్లండి.

బీడీ, సిగరెట్, గుట్కా, పొగాకు వేసిన ఆకువక్క. వీటి గురించి మెత్తగా చెప్పలేను. నికోటిన్ చిగురులోని సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. రక్తం అందని చోట ఎముక పట్టదు. ఆపరేషన్‌కు వారం ముందు నుంచి, తర్వాత కనీసం రెండు నెలలు పూర్తిగా ఆపాలి. ఆపలేనని తెలిస్తే, డబ్బు కట్టకముందే డాక్టర్‌తో ఆ మాట చెప్పండి. ఎంతో కష్టపడి కూడబెట్టిన డబ్బుతో పెట్టించుకుని, ఐదో నెలలో ఇంప్లాంట్ ఊడిపోయి వచ్చిన మనిషిని నేను క్లినిక్ బయట చూశాను. ఆయన జేబులో బీడీకట్ట ఉంది.

పన్ను బిగించాక

ఎక్స్‌రేలో ఎముక పట్టిందని తేలాక కొలతలు తీసుకుని పన్ను బిగిస్తారు. ఆ రోజు నీలం కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. అక్కడ మొహమాటపడకండి. కొంచెం ఎత్తుగా తగులుతోంది అనిపిస్తే అప్పుడే చెప్పండి, పోనుపోను సర్దుకుంటుందిలే అనుకోకండి. మన సహజమైన పంటి వేరు చుట్టూ సన్నని పొర ఉంటుంది. నమిలినప్పుడు పన్ను ఆ పొరలో వెంట్రుకవాసి దిగుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, అది దిగదు. ఎత్తుగా ఉంటే భారమంతా మర మీద, ఎముక మీద పడుతుంది. రాత్రి పళ్లు కొరికే అలవాటుంటే రాత్రి పళ్లకు తొడుక్కునే తొడుగు, నైట్‌గార్డ్, చేయించుకోండి.

సహజమైన పంటికీ దీనికీ ఇంకో పెద్ద తేడా ఉంది. ఇంప్లాంట్ పుచ్చదు, జివ్వుమనదు. లోపల ఎముక తరుగుతున్నా చాలాకాలం నొప్పి రాదు. దాని చుట్టూ చిగురుకు ఇన్ఫెక్షన్ వస్తే మొదట్లో కనిపించేది తోమేటప్పుడు రక్తం, అంతే. ఆ దశలో చూపిస్తే శుభ్రం చేసి పూర్తిగా నయం చేయగలరు. వదిలేస్తే ఎముక కరగడం మొదలవుతుంది. పోయిన ఎముకను తిరిగి తేవడం చాలా కష్టం. నొప్పి చెప్పని మాటను మన కళ్లే కనిపెట్టాలి. నెలకోసారి అద్దం ముందు నిలబడి ఫోను టార్చి వేసి బుగ్గ లాగి చూడండి. చిగురు గులాబీ రంగులో, పంటికి అంటుకుని ఉండాలి. ఎర్రగా ఉబ్బినా, నొక్కితే చీము వచ్చినా, దుర్వాసన వేసినా, లోహపు అంచు బయటపడినా చూపించండి.

రోజూ రెండుసార్లు మెత్తని బ్రష్షుతో, చిగురూ పన్నూ కలిసే గీత మీద బ్రష్షు వాల్చి తోమాలి. వేపపుల్ల, బొగ్గుపొడి, గరుకు పళ్లపొడి వద్దు. అవి పన్ను మెరుపును గీరేస్తాయి, రేణువులు చిగురు కిందికి దూరతాయి.

బ్రష్షు చేరని చోటే అసలు పని ఉంటుంది. ఇంప్లాంట్ పన్ను మెడ దగ్గర సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి పక్కపంటికీ దానికీ మధ్య అడుగున చిన్న సందు మిగులుతుంది. అన్నం మెతుకు, ఆకుకూర ఈనె అక్కడే చేరతాయి. మందుల దుకాణాల్లో సీసా తోమే బ్రష్షులాంటిదే, అగ్గిపుల్ల కంటే సన్నది, పళ్ల సందుల బ్రష్షు దొరుకుతుంది. లోపలి తీగకు ప్లాస్టిక్ పూత ఉన్నదే కొనండి, ఉత్త లోహపు తీగ ఇంప్లాంట్ మీద గీతలు పెడుతుంది. సందులోకి కొంచెం బిగువుగా, బలవంతం లేకుండా వెళ్లే సైజు మీది. ఏ సైజో డాక్టర్ చేత ఒకసారి చూపించుకోండి. బుగ్గ వైపు నుంచి పెట్టి నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కీ, రాత్రి పడుకునే ముందు. మా నాన్నకు వేళ్లు మొద్దు, అద్దంలో చేయి అటుదిటు అవుతుంది. పది రోజులు నేను పక్కన నిలబడి పట్టించాక చేయి తిరిగింది. ఇప్పుడు అద్దం లేకుండానే చేసుకుంటారు.

నీళ్లు చిమ్మే ఫ్లాసర్ కొంటే తక్కువ వేగంలో పెట్టి వాడండి. మా వైపు బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ, నాలుగు వారాల్లోనే దాని గొట్టంలో తెల్లగా పేరుకుంటుంది. తాగే నీళ్లే పోయండి.

పన్ను కదిలిందంటే అంతా అయిపోయినట్టు కాదు. చాలాసార్లు లోపలి మర వదులవుతుంది, బిగిస్తే సరిపోతుంది. దానితో నమలడం ఆపి వెళ్లండి. ఊడి వచ్చిన పన్నును జిగురు పెట్టి ఇంట్లో అంటించుకోకండి.

ఆరు నెలలకోసారి క్లీనింగ్, ఏడాదికోసారి ఎక్స్‌రే. షుగరు ఉన్నవారు, పొగతాగే అలవాటున్నవారు ఇంకా త్వరగా వెళ్లాలి. శుభ్రం చేసేవారికి ఇది ఇంప్లాంట్ అని ముందే చెప్పండి, దానికి వాడే పనిముట్లు వేరు. పెట్టించుకున్న క్లినిక్ మూతపడినా, దూరమైనా ఈ పరీక్షలు మానకండి. కడపలో రిమ్స్ ప్రాంగణంలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

అలా వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదట అడిగేది ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ సైజు అని. ఒక్కో కంపెనీ మరకు ఒక్కో రకం స్క్రూడ్రైవర్ కావాలి. అది తెలియకపోతే వదులైన మరను బిగించడం కూడా ఇబ్బందే. ఆపరేషన్ రోజునే కంపెనీ పేరు, పొడవు, వెడల్పు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్‌ను, కార్డును అడిగి తీసుకుని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. మా నాన్న తన కార్డును పట్టాదారు పాసుపుస్తకం కవర్లో, మొదటి పేజీ వెనక దాచుకున్నారు.